బొల్లి మచ్చలో రంగు ఎందుకు పోతుంది?

ప్రశ్న: మా అమ్మాయికి 17 ఏళ్ళు. ఇంటర్ రెండో ఏడు చదువుతోంది. ఏడాది కిందట స్కూటీ మీద నుంచి పడి మోకాలు గీరుకుపోయింది. పుండు మానింది గానీ ఆ మేర చర్మం తెల్లగా ఉండిపోయింది. తర్వాత వేళ్ళ కణుపుల మీద, పెదవి మూలన కూడా మచ్చలు వచ్చాయి. డాక్టరుగారు బొల్లి అని చెప్పి పూతమందు రాశారు. ఇంట్లో తలో మాట అంటున్నారు. చేపల కూరతో పాటు పెరుగన్నం తిన్నందుకని మా అత్తగారు, రక్తం చెడిందని మా ఆడపడుచు. ఎవరో చెబితే బావంచాలు నూరి మోకాలికి రాసి ఎండలో కూర్చోబెట్టాను, బొబ్బలెక్కింది. అసలు ఒంట్లో రంగు ఎందుకు పోతుంది? ఏ లోపం వల్ల? మా ఇంట్లో ఎవరికీ ఈ మచ్చలు లేవు. నాకు మాత్రం థైరాయిడ్ ఉంది, రోజూ మాత్ర వేసుకుంటాను. రేపు దాని పిల్లలకు కూడా వస్తుందా?
– ఒక తల్లి, తణుకు

సమాధానం: అమ్మా, మీరు అడిగిన ప్రశ్నకు జవాబులో సగం మీ ఉత్తరంలోనే ఉంది. మోకాలు గీరుకుపోయిన చోటనే మొదటి మచ్చ రావడం ఒక ఆనవాలు, మీకు థైరాయిడ్ ఉండడం మరొకటి. ఈ రెండింటినీ మీరు మాటవరసకు రాసినట్టున్నారు గానీ, బొల్లి ఎలా పుడుతుందో చెప్పడానికి వీటికన్నా మంచి ఆధారాలు దొరకవు. ఏ లోపం వల్ల అన్నారు కనుక ముందుగా ఆ సంగతి చెబుతాను: మీ అమ్మాయి తిండిలో గానీ, రక్తంలో గానీ, మీ పెంపకంలో గానీ ఏ లోపమూ ఈ మచ్చలను తెచ్చిపెట్టలేదు. చర్మానికి రంగునిచ్చే కణాలను శరీరంలోని రోగనిరోధక వ్యవస్థే పొరపాటున శత్రువులుగా ఎంచి చంపుతోంది. ఎందుకలా జరుగుతుందో తెలియాలంటే ఆ కణాల పనితీరును కొంచెం దగ్గరగా చూడాలి.

చర్మం పైపొర అడుగున, కింది పొరను ఆనుకుని మెలనోసైట్లు అనే కణాలు అక్కడక్కడా ఉంటాయి. వాటికి సన్నని చేతుల వంటి పోగులు ఉంటాయి. టైరోసిన్ అనే ఎమినో ఆమ్లాన్ని తీసుకుని, టైరోసినేజ్ అనే ఎంజైము సాయంతో మెలనిన్ అనే రంగు పదార్థాన్ని తయారుచేసి, చిన్న చిన్న తిత్తులలో నింపి, ఆ పోగుల గుండా చుట్టూ ఉన్న మామూలు చర్మకణాలకు అందించడమే వాటి పని. ఒక్కొక్క మెలనోసైటు సుమారు 36 చర్మకణాలకు రంగును పంచుతుంది. రంగును అందుకున్న కణం దాన్ని తన కేంద్రకం పైభాగాన పేర్చుకుని, ఎండలోని అతినీలలోహిత కిరణాలు లోపలి డీఎన్‌ఏను దెబ్బతీయకుండా కాచుకుంటుంది. తెల్లగా ఉన్నవారిలోనూ నల్లగా ఉన్నవారిలోనూ మెలనోసైట్ల సంఖ్య దాదాపు ఒకటేనన్నది చాలామందికి తెలియని సంగతి. తేడా అంతా తయారయ్యే మెలనిన్ మోతాదులోనూ, రకంలోనూ, దాన్ని పంచే తీరులోనూ ఉంటుంది.

బొల్లి మచ్చలో ఆ మెలనోసైట్లే కనిపించకుండా పోతాయి. పక్కనున్న చర్మకణాలు బాగానే ఉంటాయి, స్పర్శ తెలుస్తుంది, చెమట పడుతుంది, గాయమైతే మానుతుంది. మరి అప్పటికే తయారై ఉన్న రంగు ఎక్కడికి పోతుంది అంటే, అది ఎక్కడికో ఇంకిపోదు. చర్మకణాలు అడుగు పొరలో పుట్టి, నెల రోజులకు కాస్త అటూ ఇటూగా పైకి చేరి, స్నానంలోనో బట్టల రాపిడికో రాలిపోతుంటాయి. వాటితో పాటే వాటిలోని రంగూ పోతుంది. కింద నుంచి వచ్చే కొత్త కణాలకు రంగు అందించేవారు ఉండరు కనుక ఆ మేర చర్మం పాలతెలుపుగా తేలుతుంది. మచ్చ ఒక్క రోజులో వచ్చినట్టు అనిపించినా, లోపల కణాల నష్టం అంతకు కొన్ని వారాల ముందే మొదలై ఉంటుంది.

ఈ పాలతెలుపునకు, మామూలుగా కనిపించే ఇతర తెల్ల మచ్చలకు తేడా ఉంది. శోభి మచ్చలు శిలీంధ్రం వల్ల వస్తాయి, వాటి మీద సన్నని పొట్టు రాలుతుంది. చిన్నపిల్లల బుగ్గల మీద వచ్చే పాలిపోయిన మచ్చలు చాలావరకు పొడిచర్మం వల్లనే. కుష్ఠులో మచ్చ పాలిపోయి ఉంటుంది గానీ పాలతెలుపుగా ఉండదు, అక్కడ స్పర్శ తగ్గుతుంది. బొల్లిని పట్టుకుని ‘తెల్ల కుష్ఠు’ అనడం మన ఊళ్ళలో ఇంకా వినిపిస్తూనే ఉంది. ఆ రెండింటికీ ఏ సంబంధమూ లేదు. బొల్లికి క్రిమి లేదు, అది అంటుకోదు. చీకటిగదిలో అతినీలలోహిత కాంతినిచ్చే వుడ్స్ దీపం వెలుతురు వేసి చూస్తే బొల్లి మచ్చ సుద్దలా తెల్లగా మెరుస్తుంది, కంటికి ఇంకా తెలియని మచ్చలు కూడా బయటపడతాయి. మీ డాక్టరుగారు ఈ పరీక్ష చేసి ఉండకపోతే అడిగి చేయించండి.

ఇక చంపుతున్నది ఎవరన్న విషయానికి వద్దాం. వైరస్ సోకిన కణాలను వెతికి చంపడానికి మన ఒంట్లో టి కణాలని ఉంటాయి. వాటిలో సీడీ8 అనే తెగ బొల్లి మచ్చల అంచున, అంటే రంగు ఉన్న చోటుకూ లేని చోటుకూ మధ్య గీతలో, గుంపులుగా కనిపిస్తుంది. అవి అక్కడ ఊరికే చేరాయా, నిజంగా హంతకులేనా అన్న అనుమానాన్ని 2009లో నెదర్లాండ్స్ పరిశోధకులు ప్రచురించిన ఒక ప్రయోగం తీర్చింది. వారు రోగుల మచ్చల అంచు నుంచి టి కణాలను వేరుచేసి, అదే రోగి ఒంటి మీది మామూలు రంగు చర్మపు ముక్కలో విడిచిపెట్టారు. అవి ఇతర కణాల జోలికి పోకుండా మెలనోసైట్లను పట్టి చంపాయి. టైరోసినేజ్ వంటి, మెలనోసైట్లలో మాత్రమే ఉండే ప్రొటీన్ల తునకలే వాటికి గుర్తులు.

క్యాన్సర్ వైద్యం నుంచి మరో సాక్ష్యం దొరికింది. మెలనోమా అంటే మెలనోసైట్ల నుంచే పుట్టే చర్మ క్యాన్సర్. దానికి ఇటీవలి కాలంలో రోగనిరోధక వ్యవస్థకు ఉన్న కళ్ళేలను తప్పించే మందులు ఇస్తున్నారు. అవి తీసుకున్నవారిలో కొందరికి ఒంటి మీద బొల్లి వంటి తెల్లమచ్చలు వస్తాయి, అలా వచ్చినవారిలో క్యాన్సర్ అదుపులోకి రావడం ఎక్కువగా కనిపిస్తుంది కూడా. కళ్ళెం వదిలితే మెలనోసైట్ల మీదికి పరుగెత్తే టి కణాలు చాలామందిలో లోలోపల ఉంటాయనీ, మామూలుగా అవి అణిగి ఉంటాయనీ దీన్నిబట్టి అర్థమవుతుంది.

దాడి ఒకసారి మొదలైతే ఎందుకు ఆగదో కూడా తెలిసింది. టి కణాలు ఇంటర్‌ఫెరాన్ గామా అనే రసాయనాన్ని విడుదల చేస్తాయి. అది తగిలిన చుట్టుపక్కల చర్మకణాలు మరో సంకేతాన్ని వెదజల్లుతాయి, ఆ సంకేతం మరిన్ని టి కణాలను అక్కడికి పిలుస్తుంది. వచ్చినవి మళ్ళీ ఇంటర్‌ఫెరాన్ విడుదల చేస్తాయి. ఇంటర్‌ఫెరాన్ కబురు చర్మకణం లోపలికి చేరేది జాక్ అనే ప్రొటీన్ల ద్వారా. ఆ దారిని మూసే రుక్సోలిటినిబ్ పూతమందును 2022 జులైలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ బొల్లికి అనుమతించింది. 12 ఏళ్ళు దాటినవారికి వాడవచ్చునని చెప్పింది. మచ్చలో పోయిన రంగును తిరిగి తెప్పించే మందుగా ఆ సంస్థ అనుమతి పొందిన మొదటి పూతమందు అదే. పిలుపుల గొలుసును తెంపితే రంగు తిరిగి రావడం మొదలవుతుందన్నదే రోగ కారణాన్ని సరిగ్గా పట్టుకున్నామనడానికి నాకు కనిపించే గట్టి రుజువు.

అయితే టి కణాలు ఉన్నట్టుండి ఈ అమాయకపు కణాల మీద ఎందుకు పడతాయి? ఇక్కడ మెలనోసైటు బలహీనత కూడా కొంత ఉంది. మెలనిన్ తయారీ చాలా ఒత్తిడితో కూడిన పని. ఆ రసాయన చర్యల్లో హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటి హానికర పదార్థాలు పుడతాయి, కెటలేజ్ వంటి ఎంజైములు వాటిని ఎప్పటికప్పుడు విరిచేయాలి. బొల్లి ఉన్నవారి చర్మంలో ఈ శుద్ధి మందగించి, పెరాక్సైడ్ పేరుకోవడం పరిశోధకులు చూశారు. మెలనోసైటు తాను తయారుచేసే రంగు ఉపఫలాలకే బలవుతుందేమోనని ఏరన్ లెర్నర్ అనే అమెరికా వైద్య శాస్త్రవేత్త 1971లోనే ప్రతిపాదించాడు. ఆ ఒత్తిడి కణాన్ని నేరుగా చంపడం కన్నా, ఆపదలో ఉన్నానన్న సంకేతాలను బయటికి పంపేలా చేసి రోగనిరోధక వ్యవస్థను మేల్కొల్పుతుందని ఇప్పటి అవగాహన. అంటే లెర్నర్ ఊహ, టి కణాల సిద్ధాంతం ఒకదానికొకటి పోటీ కావు, ఒకదాని తర్వాత ఒకటిగా అమరే మెట్లు.

బయటి రసాయనాలు ఈ మొదటి మెట్టును ఎలా ఎక్కిస్తాయో చూస్తే విషయం మరింత తేటపడుతుంది. 1939లో అమెరికాలోని ఒక తోళ్ళ కర్మాగారంలో రబ్బరు చేతితొడుగులు వేసుకుని పనిచేసేవారి చేతులు తెల్లబారిన వైనం వైద్య పత్రికలకెక్కింది. రబ్బరు చెడకుండా కలిపిన హైడ్రోక్వినోన్ జాతి పదార్థమే అందుకు కారణమని తేలింది. 2013లో జపాన్‌లో చర్మాన్ని తెల్లబరచడానికి అమ్మిన క్రీముల్లోని రోడోడెండ్రాల్ వల్ల వేలమందికి మచ్చలు వచ్చి, ఆ సరుకును మార్కెట్టు నుంచి వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ఈ పదార్థాల అణువులు కొంతవరకు టైరోసిన్‌ను పోలి ఉంటాయి. టైరోసినేజ్ మోసపోయి వాటిని మార్చబోతే, విషపూరితమైన పదార్థాలు పుట్టి కణాన్ని దెబ్బతీస్తాయి, దాని ప్రొటీన్ల రూపాన్ని కూడా మార్చి పరాయివాటిగా కనిపించేలా చేస్తాయి. మన దేశపు చర్మవైద్యులకు ఇది బాగా తెలిసిన సంగతే. స్టిక్కరు బొట్టు వెనుక జిగురులో ఉండే బ్యుటైల్‌ఫినాల్ రకం రసాయనం వల్ల సరిగ్గా బొట్టంత మేర నుదుటి మీద తెల్లబారిన ఆడవారూ, రబ్బరు చెప్పు పట్టీ ఆనిన చోట పాదం మీద అదే ఆకారంలో మచ్చ వచ్చినవారూ ఆసుపత్రులకు వస్తూనే ఉంటారు. కొందరిలో ఆ మచ్చ అక్కడితో ఆగకుండా, బొట్టు గానీ చెప్పు గానీ తగలని చోట్లకూ పాకుతుంది. మీ అమ్మాయికి స్టిక్కరు బొట్టు అలవాటుంటే మానిపించి కుంకుమో కాటుకో పెట్టుకోమనండి. జుట్టుకు రంగు వేసుకునే అలవాటున్నా మానుకోవడం మేలు.

మోకాలి గాయం సంగతి ఇప్పుడు సులువుగా అర్థమవుతుంది. బొల్లికి సిద్ధంగా ఉన్న ఒంటి మీద గీత పడినా, కాలినా, పదే పదే ఒరుసుకున్నా అక్కడ మచ్చ రావడాన్ని కోబ్నర్ లక్షణం అంటారు. ఈ రోగుల మెలనోసైట్లు పక్క కణాలను పట్టుకుని ఉండే బిగువు తక్కువ కావడంతో రాపిడికి ఊడిపోతాయనీ, గాయం దగ్గర వెలువడే సంకేతాలు టి కణాలను రప్పిస్తాయనీ దీనికి వివరణ. మోకాళ్ళు, మోచేతులు, వేళ్ళ కణుపులు, లంగా బొందు బిగించి కట్టే నడుము చుట్టూ, వాచీ పట్టీ కింద మచ్చలు ఎక్కువగా రావడానికి ఇదే కారణం. స్నానంలో పీచు పెట్టి గట్టిగా రుద్దడం, బిగుతు ఎలాస్టిక్ బట్టలు వేసుకోవడం ఆపించండి. స్కూటీ ప్రమాదం బొల్లిని పుట్టించలేదు, అది లోపల సిద్ధంగా ఉన్నదాన్ని ఫలానా చోట బయటపెట్టింది. ఆ రోజు పడి ఉండకపోతే అన్న ఆలోచన మీకు వచ్చే ఉంటుంది కనుక చెబుతున్నాను, అప్పుడు మరో చోట, మరో నెలలో మొదలై ఉండేదేమో.

ఆ సిద్ధంగా ఉండడమన్నది కొంత పుట్టుకతో వస్తుంది. బొల్లికి తోడ్పడే జన్యు స్థానాలు సుమారు 50 ఇప్పటికి గుర్తించారు. వాటిలో ఎక్కువ భాగం రోగనిరోధక వ్యవస్థను నడిపేవి. ఒకటి మాత్రం టైరోసినేజ్ జన్యువే కావడం విశేషం. అందులో బొల్లికి దారితీసే రూపం మెలనోమా రాకుండా కొంత కాపాడుతుందని కూడా తేలింది. ఈ జన్యువుల్లో ఏ ఒక్కటీ తనంతట తాను రోగాన్ని తేదు. అన్ని జన్యువులూ ఒకటేగా ఉండే ఏకరూప కవలల్లో ఒకరికి బొల్లి ఉంటే రెండోవారికి వచ్చింది నూటికి 23 జంటల్లో మాత్రమే. మిగతా వాటా వయసు, గాయాలు, రసాయనాలు, ఇంకా ఇతర బయటి కారణాలది. రోగుల తోబుట్టువులకు, పిల్లలకు వచ్చే అవకాశం పాశ్చాత్య దేశాల కుటుంబాల అధ్యయనాల్లో నూటికి ఆరేడుగా తేలింది, అంటే నూటికి తొంభై మందికి పైగా రాదు. మీ అమ్మాయికి రేపు పుట్టబోయే పిల్లల గురించి మీరు అడిగినదానికి నా జవాబు ఇదే. పెళ్ళి మాటల్లో ఎవరైనా ఈ ప్రశ్న వేస్తే ఈ అంకెనే చెప్పండి, దాచవలసినది ఇందులో ఏమీ లేదు.

మీ ఇంట్లో బొల్లి ఎవరికీ లేదన్నారు గానీ, మీ థైరాయిడ్ కూడా ఇదే జబ్బుల కుటుంబానికి చెందినదై ఉండవచ్చు. పెద్ద వయసు ఆడవారిలో థైరాయిడ్ మందగించడానికి తరచుగా కారణం ఆ గ్రంథి మీద రోగనిరోధక వ్యవస్థ దాడిచేయడమే. అదే జన్యువులు తల్లిలో గ్రంథినీ, కూతురిలో మెలనోసైట్లనూ దెబ్బతీయడం మేము తరచూ చూసేదే. బొల్లి ఉన్నవారిలో థైరాయిడ్ జబ్బు మామూలు జనం కన్నా ఎక్కువ. చిన్న వయసులో వచ్చే మధుమేహం, పేనుకొరుకుడు, బి12 ఒంటికి పట్టకపోవడం వల్ల వచ్చే రక్తహీనత కూడా కొందరిలో తోడవుతాయి. అందుకే మీ అమ్మాయికి టీఎస్‌హెచ్, థైరాయిడ్ యాంటీబాడీలు, రక్తంలో చక్కెర, బి12 పరీక్షలు చేయించండి. బి12 తక్కువని తేలితే మందు వేసుకోవాలి, అయితే దానివల్ల మచ్చలు పోతాయని ఎదురుచూడకూడదు.

మీ అత్తగారి మాట గురించి. చేపలోని ప్రొటీన్లయినా పెరుగులోనివైనా జీర్ణకోశంలో ఎమినో ఆమ్లాలుగా విడిపోయాకనే రక్తంలో చేరతాయి. ఆ రెండూ కలిసి మెలనోసైట్లకు హాని చేసే దారి ఏదీ లేదు. బెంగాలీలు చేపను పెరుగులోనే వండుకుని తరతరాలుగా తింటున్నారు. పెద్దావిడతో వాదన పెట్టుకోనక్కరలేదు గానీ, ఆ నమ్మకంతో అమ్మాయికి చేపలు, పాలు, పెరుగు మానిపించి ఎదిగే వయసులో ప్రొటీను తగ్గించకండి. నిమ్మ, ఉసిరి, చింతపండు మానాలన్నదానికీ ఆధారం లేదు. రక్తం చెడడమన్న మాటకు వైద్యంలో ఈ జబ్బు విషయంలో అర్థమే లేదు.

బావంచాల విషయం వేరు, అందులో కొంత నిజం ఉంది. ఆ గింజల్లో సొరాలెన్ అనే పదార్థం ఉంటుంది. ఆయుర్వేదంలో శ్విత్రానికి, అంటే బొల్లికి, దాన్ని వాడిన చరిత్ర పాతదే, ఈజిప్టులో మరో మొక్క నుంచి తీసిన అదే జాతి పదార్థాన్ని 1940లలో ఆధునిక వైద్యంలోకి తెచ్చారు. సొరాలెన్ చర్మంలో ఉండగా ఎండలోని అతినీలలోహిత కిరణం తగిలితే అది డీఎన్‌ఏకు అతుక్కుని కణాలపై బలంగా పనిచేస్తుంది. చిక్కంతా మోతాదులోనే: నూరిన ముద్దలో ఎంత సొరాలెన్ ఉందో, తణుకు ఎండలో ఆ పూట ఎంత కిరణబలం ఉందో కొలిచే సాధనం ఇంట్లో ఉండదు. మీరు చూసిన బొబ్బలు అందువల్ల వచ్చినవే. కాలిన గాయం కోబ్నర్ లక్షణానికి మళ్ళీ దారి తీస్తుంది కనుక అది ఇకమీదట వద్దు. ఇప్పుడు ఆసుపత్రుల్లో సొరాలెన్ లేకుండానే, 311 నానోమీటర్ల చుట్టూ ఉండే సన్నటి పట్టీ అతినీలలోహిత కిరణాలను వారానికి రెండు మూడుసార్లు కొలిచి ఇస్తారు. అవి టి కణాలను అణచి, మిగిలి ఉన్న రంగుకణాలను పెరగమని ప్రేరేపిస్తాయి.

మిగిలినవి ఎక్కడుంటాయి అంటారా? రోమకూపాల లోతుల్లో మెలనోసైట్ల మూలకణాలు దాగి ఉంటాయి, దాడి వాటిదాకా చాలాసార్లు చేరదు. రంగు తిరిగి వచ్చేటప్పుడు మచ్చ మధ్యలో వెంట్రుకల మొదళ్ళ చుట్టూ ముగ్గు చుక్కల్లా గోధుమరంగు చుక్కలు తేలి, అవి పెరిగి ఒకదానితో ఒకటి కలుస్తాయి. ఈ ఒక్క విషయం తెలిస్తే ఏ మచ్చకు ఎంత ఆశ పెట్టుకోవచ్చో మీరే అంచనా వేసుకోగలరు. మోకాలి మచ్చను పగటి వెలుతురులో భూతద్దంతో చూడండి. అందులోని నూగు వెంట్రుకలు నల్లగా ఉంటే రంగుకణాల నిల్వ ఉన్నట్టే, తెల్లబడి ఉంటే నిల్వ తగ్గినట్టు. పెదవి మీద వెంట్రుకలు ఉండవు, వేళ్ళ కణుపుల మీద అరుదు. ఆ మచ్చలు మొండిగా ఉండడానికి కారణం మందు పనిచేయకపోవడం కన్నా, తిరిగి రావడానికి కణాలు లేకపోవడమే ఎక్కువ.

ఈ కారణాలన్నీ మీ చేతిలోని పనికి ఎలా ఉపయోగపడతాయంటే, వైద్యంలో తేల్చుకోవలసిన మొదటి ప్రశ్న మచ్చ ఎంత పెద్దదన్నది కాదు, దాడి ఇంకా సాగుతున్నదా ఆగిందా అన్నది. అంచు గీత గీసినట్టు స్పష్టంగా కాక మసకగా, తెలుపుకూ అసలు రంగుకూ మధ్య ఒక లేత పట్టీతో ఉన్నా, చుట్టూ చిన్న చిన్న తెల్ల చుక్కలు రాలినట్టు కనిపించినా, కొత్త గాయాల మీద మచ్చలు వస్తున్నా దాడి సాగుతున్నట్టే. ఏడాదిలో మూడు చోట్ల వచ్చింది కనుక మీ అమ్మాయిది ఇప్పుడు చురుకుగా ఉన్న దశ అని నాకు తోస్తోంది. ఇప్పుడు చేయవలసినది దాన్ని ఆపడం. టాక్రోలిమస్, స్టెరాయిడ్ పూతలతో పాటు కాంతి చికిత్స, అవసరమైతే వారంలో వరసగా రెండు రోజులు మాత్రమే తక్కువ మోతాదు స్టెరాయిడ్ మాత్రలు ఇచ్చే పద్ధతి ఉంది. మన దేశపు వైద్యులే రూపొందించిన పద్ధతి అది. మాత్రలు డాక్టరు చెప్పకుండా కొని వేయకూడదు. కాంతి చికిత్స ఫలితం మూడు నెలల లోపు తేల్చకండి, ఆరు నెలలదాకా ఓపిక పట్టాలి. మచ్చలు ఏడాదిపాటు కదలకుండా ఉంటేనే పెదవికి చర్మం అంటువేసే శస్త్రచికిత్స ఆలోచన చేయాలి. దాడి సాగుతుండగా చేస్తే కోసి తీసిన చోట కూడా తెల్లబారవచ్చు.

ఒక ముందు హెచ్చరిక. రంగు తిరిగి వచ్చాక మందు ఆపేస్తే ఏడాది లోపు సుమారు నూటికి 40 మందిలో పాత చోటనే మచ్చ తిరిగి కనిపిస్తుంది. పాత దాడిని గుర్తుపెట్టుకున్న టి కణాలు కొన్ని చర్మంలోనే స్థిరపడి ఉండడం వల్ల అలా జరుగుతుంది. అందుకే మచ్చ పోయాక కూడా వారానికి రెండుసార్లు టాక్రోలిమస్ పూత కొనసాగించమని చెబుతారు. అది వైద్యుడు మిమ్మల్ని తిప్పుకోవడం అనుకోకండి.

డాక్టరు దగ్గరికి వెళ్ళేముందు మూడు చోట్ల మచ్చలనూ ఒకే వెలుతురులో, పక్కన రూపాయి బిళ్ళ పెట్టి ఫొటో తీసి తేదీ రాసి ఉంచండి. నెలకోసారి అలాగే తీస్తే, అంచు కదిలిందో లేదో వాదన లేకుండా తెలుస్తుంది. ఎండలోకి వెళ్ళేటప్పుడు తెల్లబారిన చోట సన్‌స్క్రీన్ రాయించండి, అక్కడ కాపాడే మెలనిన్ లేదు కనుక త్వరగా కములుతుంది. మీ థైరాయిడ్ మాత్రల చీటీ కూడా వెంట తీసుకెళ్ళి డాక్టరుగారికి చూపించండి.